ఝాన్సీకి ఉత్సాహం లేదని తేల్చిన విధం

మునిసిపల్ కమిషనర్‌గారు ఏదో చల్లటి కొండ ఊళ్లో శిక్షణ ముగించుకుని, మెడలో ఊదారంగు పట్టీతో, కళ్లలో కొత్త వెలుగుతో దిగారు. ఆ వెలుగు చూడగానే ఆఫీసులో అనుభవం ఉన్నవాళ్ల గుండెలు గుభేలుమన్నాయి. కిందటిసారి అలాంటి వెలుగుతోనే వచ్చి, రక్తం బాగా ప్రసరిస్తుందని చెప్పి కుర్చీలన్నీ తీయించేశారు. రక్తం సంగతి తెలియదుగాని, అందరికీ కాళ్లు మాత్రం వాచాయి.

ఈసారి ఆయన చూపు మధ్యాహ్నపు కునికిపాట్ల మీద పడింది. భోజనాల తర్వాత తూగేవాళ్లెవరా అని ఆరా తీయిస్తే, వాళ్లలో ఎక్కువమంది ఉద్యోగంతోపాటు ఇంకో పని కూడా చేసుకుంటున్నారని తేలింది. ఒకాయన తెల్లారకుండా పూలదండలు కట్టి షాపులకి వేస్తాడు. ఇంకొకాయన పెళ్లిళ్లకి కుర్చీలు అద్దెకిస్తాడు. ఒకావిడ జాకెట్లు కుడుతుంది. మామూలు మనిషైతే, పాపం జీతాలు చాలడం లేదేమో అనుకుంటాడు. కమిషనర్‌గారు పెద్ద చదువులు చదివినవారు కాబట్టి అంత తొందరపడలేదు. "వీరియందు ఉత్సాహము కొరవడినది" అని ఫైలు మీద రాశారు.

మర్నాటికల్లా నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమైనది ఏమనగా, ఉద్యోగ విధులతో పాటుగా ఉపవృత్తి సాగించు వారలు తమయందలి ఉత్సాహమును కార్యాలయమునందు పరీక్షింపజేసుకొని ధ్రువపత్రము పొందవలెను. అట్టి పత్రము లేనిదే సాగించు వ్యాపారము నిరుత్సాహ వ్యాపారముగా పరిగణింపబడి, సరుకు స్వాధీనపరచుకొనబడును."

నీటి పన్ను కౌంటర్లో పనిచేసే ఝాన్సీ ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమయ్యాక, మొదటిసారితో ఆపేస్తే బాగుండేదనిపించింది.

ఝాన్సీది అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. అందుకే పాప పుట్టాక దోసెల పిండి అమ్మడం మొదలుపెట్టింది. సాయంత్రం ఇంటికెళ్లి గ్రైండర్ వేస్తుంది. తెల్లారేసరికి పిండి పొంగుతుంది. స్టీలు క్యానుకెత్తుకుని పాలబూతు పక్క రేకు కింద నిలబడితే, ఆఫీసు వేళకి ముందే క్యాను ఖాళీ. ఇంతా చేసి ఆమెకున్న ఆస్తల్లా ఆ రేకు కింది చోటే. పాలకొచ్చినవాళ్లు పక్కకి తిరిగితే పిండి కనపడాలి. అక్కణ్ణుంచి నాలుగడుగులు అవతలికి జరిగితే పిండీ లేదు, బేరమూ లేదు. పోతే ఉద్యోగం పోతుంది, ఈ చోటుంటే పిల్లని బతికించుకుంటాననేది ఝాన్సీ ధైర్యం. ధైర్యమంటే ధైర్యం కూడా కాదు. రాత్రిళ్లు పాప దగ్గినప్పుడల్లా ఆ చోటు ఒకసారి తలుచుకుని మళ్లీ కళ్లు మూసుకునేది.

"ఉత్సాహానికి సర్టిఫికెట్టేమిటే?" అంది అత్తగారు మంగతాయారు, పాపకి అన్నం కలుపుతూ.

"ఉత్సాహం ఉంటేనే వ్యాపారం చేసుకోవాలట అత్తయ్యా."

"మీ మావయ్య బతికున్నన్నాళ్లూ ఉత్సాహంగానే ఉన్నాడు. ఏం ఒరగబెట్టాడు? అరుగు మీద కూచుని పేకాడాడు. నేను ఏడుస్తూ నాలుగిళ్లకి అప్పడాలు ఒత్తిపెడితే ఈ కొంప నిలబడింది. ఇప్పుడా అప్పడాలు కూడా చెల్లవంటారా ఏం?"

పరీక్ష సమావేశపు హాల్లో జరిగింది. కొత్తగా ప్రేరణాధికారి పదవిలోకి వచ్చిన చిదానందరావుగారు అంతవరకూ జనన మరణాల విభాగంలో మరణ ధ్రువపత్రాలు ఇచ్చేవారు. మనిషిలో కదలిక ఉందా లేదా అని ఇన్నేళ్లుగా తేల్చిన చెయ్యి కాబట్టి ఆయన్నే ఎంచారు.

"సోదర సోదరీమణులారా! ఉత్సాహమనునది అంతరంగమునందు జనించి, ముఖమునందు ప్రకటితమై, రిజిస్టరునందు నమోదు కావలసిన ఒకానొక శక్తి. నమోదు కానిది శక్తి కాజాలదు" అని ఆయన మొదలుపెట్టారు.

పరీక్షలో మూడు భాగాలు. చప్పట్లు కొట్టాలి, "నా వల్ల అవుతుంది" అని అరవాలి, నవ్వాలి. నవ్వుని చిదానందరావుగారే స్వయంగా పిల్లల జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలు పెట్టి కొలుస్తారు. ఈ పెదవి చివర నుంచి ఆ పెదవి చివరకి.

అందరికంటే ముందు సుందరమూర్తి లేచాడు. ఇంజనీరింగ్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటు. ఆయన ఉపవృత్తి పుట్టగొడుగుల పెంపకం. ఇంకా మొదలుపెట్టలేదు. విజిటింగు కార్డులు, ఫ్లెక్సీ, పుట్టగొడుగు బొమ్మ వేసిన టీ షర్టు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. ఆయన "నా వల్ల అవుతుంది!" అని అరిచిన అరుపుకి బయట టీ కొట్టువాడు గ్లాసు జారవిడిచాడు. నవ్వుకి స్కేలు చాలక రెండోసారి జరిపి కొలవాల్సి వచ్చింది. ప్రథమ స్థానం ఆయనదే. "వ్యాపారము లేకపోవుటచేత వీరి ఉత్సాహము ఎక్కడనూ ఖర్చు కాలేదు. ఇది తక్కినవారికి ఆదర్శము" అని రిజిస్టరులో ఎక్కించారు.

ఝాన్సీ వంతు వచ్చింది. ముందు రోజు రాత్రంతా పాపకి దగ్గు. వీపు నిమురుతూ కూచుని, అలాగే లేచి పిండి అమ్మి, బస్సులో నిలబడి వచ్చింది. చప్పట్లు బాగానే కొట్టింది. అరవమంటే ఏదో అరిచింది. నవ్వమన్నారు. నవ్వు మొదలైంది గానీ సగం దారిలో ఆవలింతగా మారిపోయింది. చిదానందరావుగారు అప్పటికే స్కేలు పెట్టేశారు.

"వెడల్పు సంతృప్తికరముగానే ఉన్నది, కాని దిశ సరిగా లేదు" అని ఆయన ఆమెని పరీక్షలో ఫెయిల్ చేశారు.

"సార్, ఉత్సాహం లేకపోతే అంత పొద్దున్నే ఎలా లేస్తాను సార్? ఎంత ముసురు పట్టినా మానలేదు."

"అది అలవాటమ్మా. అలవాటుకి మా వద్ద కాలమ్ లేదు."

"మరి నా పిండో సార్?"

"మీరు సాయంత్రపు ప్రేరణ తరగతులకు హాజరు కండి. ఉత్సాహము కలిగిన పిమ్మట పిండి. అంతవరకూ ప్రజలకు నిరుత్సాహము తినిపించుట నేరము."

తరగతులు సరిగ్గా ఆమె గ్రైండర్ వేసే వేళకే పెట్టారు. పాఠం చెప్పేది సుందరమూర్తి. ప్రథమ స్థానంవాడికి ఖాళీ కూడా ఎక్కువే కదా! ఆయన పుట్టగొడుగుల టీ షర్టు వేసుకుని బోర్డు మీద ఓ కొండ గీసి, కొండమీద జెండా పెట్టేవాడు. "ఝాన్సీగారూ, ఇప్పుడు మీరెక్కడున్నారో చూపించండి!" అనేవాడు. ఝాన్సీకి మనసులో తనెక్కడుందో బాగా తెలుసు. పప్పు నానిపోయిన గిన్నె దగ్గర ఉంది. "కొండ కిందండీ" అని కూచునేది.

తరగతికి వస్తున్నంతకాలం పిండి అమ్మినా చూసీచూడనట్టు వదిలేశారు గానీ, క్లాసు ముగిసి ఇంటికెళ్లి రుబ్బితే పిండి పొంగడానికి వేళ చాలడం లేదు. పొద్దున అట్టు వేస్తే రేకులా వస్తోందని పాత ఖాతాదార్లు గొణగడం మొదలుపెట్టారు. గొణుగుడు విని ఝాన్సీ ముఖం వాడింది. వాడిన ముఖం చూసి చిదానందరావుగారు తరగతులు పెంచారు. పెంచిన తరగతుల వల్ల పిండి మరీ చప్పబడింది. ఇది పథకం ఎంత అవసరమో రుజువు చేస్తోందని ప్రగతి నివేదికలో రాసుకున్నారు.

పాలబూతు పోతురాజు మంచివాడే. మంచివాడు కాబట్టి ముందుగానే చెప్పాడు.

"చెల్లెమ్మా, ప్యాకెట్ పిండి కంపెనీ ఏజెంటు రోజూ వచ్చి చుట్టూ తిరుగుతున్నాడు. నీ చోట్లో ఫ్రిజ్ పెట్టిస్తానంటున్నాడు. నువ్వేమో ఓ రోజు వస్తే రెండ్రోజులు రావు. వచ్చిన రోజున జనం పిండి పులవలేదని నన్ను తిడుతున్నారు. నేనేమైనా రుబ్బానా చెప్పు?"

"ఇక మానను అన్నయ్యా."

"మానకూడదు. ఈసారి మళ్లీ మానావంటే ఆ ఏజెంటుకి మాటిచ్చేస్తా. తర్వాత నన్నేమీ అనొద్దు."

ఆ సాయంత్రం ఝాన్సీ క్లాసు ఎగ్గొట్టింది. హాయిగా పప్పు రుబ్బింది, చేత్తో బాగా కలిపింది, మూతపెట్టి దుప్పటి కప్పింది. మర్నాడు శనివారం. క్యాను తీసుకుని తన రేకు కింద నిలబడింది. జనం ఇంకా మూగనేలేదు, మునిసిపాలిటీ జీపు వచ్చి ఆగింది. చిదానందరావుగారు, వెనకాల ఒక పంచనామా గుమస్తా, ఇద్దరు బంట్రోతులు దిగారు.

"ఉత్సాహ ధ్రువపత్రము?"

"లేదు సార్."

"నిరుత్సాహ వ్యాపారము. స్వాధీనపరచుకొనుడు!"

క్యాను మొత్తం లాక్కున్నారు. మూత మీద నుంచి పురికొస చుట్టి, లక్క కరిగించి, రాజముద్ర లాంటిది ఒకటి వేశారు. పంచనామాలో "తెల్లని చిక్కని పదార్థము, నిరుత్సాహపూరితము" అని రాసి ఝాన్సీ చేత సంతకం పెట్టించారు.

"సార్, ఎండలు మండిపోతున్నాయి సార్. కనీసం ఫ్రిజ్‌లో అయినా..."

"ఆధారములను చల్లబరచరాదు. చల్లబరచిన ఎడల స్థితి మారిపోవును." ఝాన్సీ ఖాళీ చేతులతో ఇంటికి నడిచింది.

క్యానుని పథకం ఫైళ్లుండే ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ శనివారం రెండో శనివారం. ఆఫీసుకి సెలవు. మర్నాడు ఎలాగూ ఆదివారం. బీరువా మీద ఎండ, బీరువా లోపల పిండి. ఇంకెవరూ లేరు.

మంగతాయారుకి సంగతి తెలిసి అన్నం పళ్లెం పక్కకి నెట్టేసింది. "మూతకి తాడు కట్టి బీరువాలో పెట్టారా? ఇంతమంది ఆఫీసర్లలో ఒక్కడి ఇంట్లోనూ ఇడ్లీ వండరుటే?" అని ఆ ఆదివారమంతా ఎవరు కనపడితే వాళ్లనడిగింది.

సోమవారం పొద్దున్న ఆఫీసు తలుపు తీసిన బంట్రోతు ముందు ముక్కు మూసుకున్నాడు. తర్వాత కిందకి చూశాడు. బీరువా తలుపు సందులోంచి తెల్లగా, నెమ్మదిగా, ఎవరి అనుమతీ అడక్కుండా పిండి నడిచి వచ్చి కమిషనర్‌గారి గది గుమ్మం దాకా చేరింది. బీరువా తెరవగానే లక్క ముద్ర ఎగిరి చిదానందరావుగారి చొక్కా మీద పడింది. లోపల ఫైళ్లన్నీ మెత్తగా, ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆఫీసులోని ఉత్సాహమంతా పిండిలో నానిపోయింది. సుందరమూర్తి నవ్వు కొలతలున్న కాగితం మాత్రం అట్టులా పైకి తేలింది.

"ఈ పాటికి దోసెలకి మంచి పదును మీదుంది సార్" అన్నాడు బంట్రోతు. ఆ మాటకి వాడికి మెమో ఇచ్చారు.

ఝాన్సీకి ఇచ్చిన మెమో ఇంకొంచెం పెద్దది. "మీకు చెందిన పిండి కార్యాలయపు అదుపునందు ఉండగా, ముందస్తు అనుమతి పొందకయే ఏల పొంగినది? సంజాయిషీ సమర్పించవలెను. లేనిచో మీ సేవలు రద్దుకు సిఫారసు చేయబడును."

ఝాన్సీ అది చదివింది. అటు చోటూ పోయేట్టుంది, ఇటు ఉద్యోగమూ పోయేట్టుంది. పోతురాజు రెండ్రోజులకంటే ఆగనన్నాడు. ఇంటికొచ్చి పాపని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. పాప కూడా ఎందుకో తెలియకపోయినా తోడుగా ఏడ్చింది.

"ఏడుపాపి రాయి," అంది మంగతాయారు. "పిండిని రుబ్బినంతవరకే నా బాధ్యత, పొంగడం దాని ఇష్టం అని రాయి. అబద్ధమేముంది అందులో?"

ఝాన్సీ అంతకంటే గొప్పగా రాయలేక అదే రాసి ఇచ్చింది.

దాని మీద కమిషనర్‌గారి గదిలో విచారణ కూచుంది. ఝాన్సీని బయట బెంచీ మీద కూచోబెట్టి తలుపు ఓరగా వేశారు. లోపలి మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి.

"పంచనామాలో నిరుత్సాహపూరితము అని రాసితిరి," అన్నారు కమిషనర్‌గారు. "నిరుత్సాహపు పిండి గుమ్మము వరకు ఎట్లు నడచినది?"

"అదియే సందేహము సార్" అన్నారు చిదానందరావుగారు.

"పిండియందు ఉత్సాహమున్నదని ఒప్పుకొనిన, మన పరీక్ష తప్పు. పరీక్ష తప్పైన, పథకము తప్పు. ఈ పథకమునకు పురస్కారము కోరుతూ నేను నా ఫోటోతో సహా దరఖాస్తు రాజధానికి పంపి ఉన్నాను."

ఝాన్సీ చీర అంచు నలుపుతూ కూచుంది.

"సార్," అన్నారు చివరికి చిదానందరావుగారు, గొంతులో మరణ ధ్రువపత్రాల కాలపు అనుభవం ధ్వనిస్తుండగా. "ఉత్సాహము పిండిది. యజమానిది కాదు. రెంటినీ విడదీసి చూచిన ఎడల పరీక్ష ఒప్పు, పంచనామా గుమస్తాది పొరపాటు."

"భేష్! మరి ఈవిడ మళ్లీ పరీక్షకు కూర్చుని, ఏ కారణము చేతనైనా ఉత్తీర్ణురాలైన ఎడల?"

"కాకుండ కట్టడి చేయుదము సార్. శాశ్వత నిరుత్సాహిగా ప్రకటించెదము. ఉత్సాహ పరిరక్షణ పథకము ఉత్సాహము గలవారికి, రాగలవారికి మాత్రమే వర్తించును. ఎన్నటికీ రానివారికి వర్తింపదు."

తలుపు తెరుచుకుంది. ఝాన్సీ చేతిలో కాగితం పెట్టారు. "శ్రీమతి ఝాన్సీ, నీటి పన్ను విభాగము, యందు ఎట్టి ఉత్సాహమూ లేదనియు, ఇకముందు కలుగు సూచనలు లేవనియు నిర్ధారింపబడినందున, ఈమెకు పథకము వర్తించదు. మెమో ఉపసంహరించడమైనది. ప్రతి ఆరు నెలలకు ఒకమారు నిరుత్సాహ స్థితిని పునరుద్ధరింపజేసుకొనవలెను."

ముందు ఆమెకి కళ్లు చెమ్మగిల్లాయి. ఇంతమంది పెద్దలు కూచుని తనలో ఏమీ లేదని తేల్చారు కదా! బస్టాపు దాకా ఆ మాటే మనసులో నలిగింది. బస్సు ఎక్కి టికెట్ తీసుకున్నాక మళ్లీ చదివింది. పథకం వర్తించదు. అంటే పరీక్ష లేదు. తరగతి లేదు. ధ్రువపత్రం అడిగే హక్కు ఎవరికీ లేదు. జీపు రాదు. దిగాల్సిన స్టాపు దాటిపోయినా గమనించకుండా ఇంకోసారి చదువుకుని, వెనక్కి నడిచొచ్చింది. సరాసరి పప్పు నానబోసింది.

మర్నాడు రేకు కింద, ఆఫీసువాళ్లు తిరిగిచ్చిన క్యాను దించుతుంటే ప్యాకెట్ కంపెనీ ఏజెంటు టేపు పెట్టి చోటు కొలుస్తున్నాడు. పోతురాజు నెత్తి గోక్కున్నాడు.

"మళ్లీ జీపు రాదు కదా చెల్లెమ్మా?"

ఆమె కాగితం చూపించింది. పోతురాజు కూడబలుక్కుంటూ చదివి, "ఇదేదో తిట్టులాగుందే!" అన్నాడు.

"తిట్టే అన్నయ్యా. కానీ స్టాంపు వేసిన తిట్టు."

పోతురాజు ఏజెంటుని టేపు చుట్టేసుకోమన్నాడు.

ఇక ఆ ఆఫీసులో ఉత్సాహవంతులకి కష్టకాలం మొదలైంది. ధ్రువపత్రం ఉన్నవాళ్లు దాన్ని నిలబెట్టుకోడానికి సాయంత్రాలు తరగతులకీ, ఆదివారాలు ఉత్సాహ ర్యాలీలకీ వెళ్లాల్సి వచ్చింది. పూలాయన దండలు మానేశాడు. కుర్చీలాయన కుర్చీలన్నీ ర్యాలీల్లోనే ఉచితంగా ఇరుక్కుపోయాయి. జాకెట్లావిడ మిషను మీద దుమ్ము పట్టింది. వ్యాపారం చేసుకుంటున్నది ఒక్క ఝాన్సీయే. అది చూసి ఒక్కొక్కరే నీటి పన్ను కౌంటర్ దగ్గరికి వచ్చి, చిన్న గొంతుతో అడగడం మొదలుపెట్టారు. "అక్కా, నిరుత్సాహం ఎలా వచ్చింది నీకు?"

సుందరమూర్తి ఎప్పుడూ అవకాశం వదిలే మనిషి కాదు. కొండ బొమ్మ చెరిపేసి గొయ్యి బొమ్మ గీసి, నిరుత్సాహ శిక్షణ ప్రారంభించాడు. కానీ ఆయన "అందరూ నీరసంగా ఉండండి!" అని అరిచే అరుపులోనే అంత హుషారు ఉండేసరికి, ఒక్క శిష్యుడూ గట్టెక్కలేదు.

ఆరు నెలలు గడిచి ఝాన్సీకి పునరుద్ధరణ పరీక్ష వచ్చింది. అది గండమే. ఎందుకంటే ఆమె ముఖం పాడైపోయింది. పాపకి దగ్గు తగ్గింది. క్యాను పక్కన రెండో క్యాను చేరింది. మంగతాయారు అల్లం పచ్చడి కూడా చేసి పెడతానని ఉబలాటపడుతోంది. ఏ కాస్త ఏమరుపాటుగా ఉన్నా పెదవులు వాటంతటవే పక్కకి సాగుతున్నాయి. ఒక్క నవ్వు స్కేలుకి చిక్కిందంటే మళ్లీ తరగతులు, మళ్లీ జీపు, మళ్లీ ఆ టేపు.

"వ్యాపారము ఎట్లున్నది?" అడిగారు చిదానందరావుగారు, స్కేలు చేతిలో పట్టుకుని.

"ఏదో ఉంది సార్."

"ఇంకనూ పెంచవలెనని కోరిక?"

అల్లం పచ్చడి కళ్ల ముందు మెదిలింది. చెంప లోపల పంటితో నొక్కి పట్టింది. "లేదు సార్."

"పాపను గొప్పదానిని చేయవలెనని?"

తను పదో తరగతితో ఆగిపోయిన మనిషి. పాప ఆగకూడదనే కదా ఇదంతా. "లేదు సార్" అంది నేలచూపులు చూస్తూ.

ఆయన జాలిగా తలూపి సంతకం పెట్టి, స్టాంపు వేసి, కాగితం ఇచ్చారు. ఇచ్చి, లేచి వెళ్లి తలుపు వేసొచ్చారు. గొంతు మారింది. భాష కూడా మారింది.

"అమ్మా, ఓ మాట. మా ఆవిడ చీరల వ్యాపారం పెట్టింది. నేను సాయం చెయ్యాలి. ప్రేరణాధికారిని కదా, నాది హోదారీత్యా ఉత్సాహం. రద్దు కాదు. కమిషనర్‌గారు దాన్ని తీసెయ్యాలంటే ముందు నీరసం ముఖం చూపించమంటున్నారు. కాస్త చూసి చెప్పు, వచ్చిందా?"

ఆయన కుర్చీలో వాలి, కళ్లు వేలాడేసి, పెదవులు దించి కూచున్నారు. ఝాన్సీ ముందుకి వంగి శ్రద్ధగా చూసింది.

"కళ్లు పర్లేదు సార్. బుగ్గలు రాలేదు."

"నీకెలా వచ్చిందమ్మా ఆ ముఖం? ఎక్కడ నేర్చుకున్నావు?"

"నేర్చుకునేదేం లేదు సార్. ఓ పిల్లని కనండి. రాత్రంతా దాని దగ్గు వినండి. కోడి కూయకముందే లేచి పిండి అమ్మండి, బస్సులో నిలబడి ఆఫీసుకి రండి, పన్ను కట్టేవాళ్ల చేత తిట్లు తినండి, సాయంత్రం మీ క్లాసులో కూచోండి. ముఖం దానంతటదే వస్తుంది."

చిదానందరావుగారు కలం తీసి, "మొదటి అంశము, పిల్లను కనుట" అని రాసుకున్నారు.

ఝాన్సీ కాగితం రవికెలో దోపుకుని బయటికొచ్చింది. వరండాలో తలలు వేలాడేసుకుని పెద్ద లైను నిలబడి ఉంది. వాళ్లని దాటేదాకా ఓపిక పట్టింది. మెట్ల మలుపు తిరిగి, ఏ కిటికీ లేని గోడ చూసుకుని ఆగింది. పైకీ కిందికీ చూసింది. అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వుకుంది. ముఖం తుడుచుకుని, మళ్లీ నీరసంగా సర్దుకుని, పప్పు రుబ్బే వేళైందని గబగబా దిగిపోయింది.